ఎడారిలో లాగ్‌బుక్కు

పెళ్ళయిన ఏడు నెలలకి బంగారురాజు తన భార్యని పగటి వెలుతురులో తీరిగ్గా చూశాడు. అదీ టాటానగర్ పక్క గోల్‌మురిలో తమ ఇంట్లో కాదు. రెండు రైళ్ళు మారి, ఒక జీపెక్కి వెళ్ళిన థార్ ఎడారిలో, ఇసుక దిబ్బ మీద. రైల్లో ఉన్న రెండు రోజులూ ఇద్దరికీ బాకీ నిద్ర తీర్చుకోవడానికే సరిపోయాయి.

చూసి ఆశ్చర్యపోయాడు. యోగిత ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది.

"ఇదెప్పట్నుంచి ఉన్నాది?" అని అడిగాడు.

"పుట్టినప్పట్నుంచి," అంది యోగిత. "అందుకే దాన్ని పుట్టుమచ్చ అంటారు."

తొందరపడి అతన్ని తిట్టకండి. పెళ్ళాం మొహం చూడకపోవడం అతని తప్పు కాదు. అతను చేసిన తప్పు వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

బంగారురాజు ఆదిత్యపూర్‌లో ఇనుముని కాల్చి సాగగొట్టే ఒక ఫోర్జింగు కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జి. యోగిత టాటానగర్ స్టేషన్లో టిక్కెట్ల కౌంటర్లో బుకింగ్ క్లర్కు. ఇద్దరివీ మూడు షిఫ్టుల ఉద్యోగాలే. అతనికి పొద్దుటి డ్యూటీ పడిన వారం ఆమెకి మధ్యాహ్నం పడేది. అతనికి మధ్యాహ్నం పడితే ఆమెకి రాత్రి. అతను వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయి ఉండేది, లేకపోతే నిద్రపోతూ ఉండేది. అతని వారాంతపు సెలవు మంగళవారం, ఆమెది శుక్రవారం. గోల్‌మురిలో అద్దెకి తీసుకున్న ఆ రెండు గదుల ఇంట్లో మంచానికి తప్ప ఎవరికీ విశ్రాంతి ఉండేది కాదు, ఇంకా మాట్లాడితే మంచానికీ లేదు.

డ్యూటీ మార్చమని అడగొచ్చుగా అంటారు. అడిగారు. ఒకరికి తెలియకుండా ఒకరు అడిగారు. పై అధికారులు ఇద్దరూ మంచివాళ్ళు, ఇద్దరికీ ఒకే వారంలో మార్చేశారు. దాంతో మళ్ళీ అదే తేడా వచ్చి కూర్చుంది.

ఇలా ఉండగా ఒకరోజు ఇద్దరూ చెరో రెండు లీటర్లు పాలు తెచ్చారు. మర్నాడు ఇద్దరూ పాలు మానేశారు. మూడో రోజు బంగారురాజు బిష్టుపూర్ బజారుకి వెళ్ళి గట్టి అట్టల రిజిస్టరు ఒకటి కొనుక్కొచ్చాడు. స్కేలు పెట్టి గీతలు గీశాడు. తారీఖు, టైము, విషయం, సంతకం. కంపెనీలో ఒక షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి అప్పజెప్పే లాగ్‌బుక్కు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. దిగేవాడు విషయం రాయాలి, ఎక్కేవాడు చదివి సంతకం పెట్టాలి. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, పెన్నుకి దారం కట్టాడు.

వాట్సాప్ లేదా అని కూడా అంటారు. ఉంది. కాని అతని ఫోను డ్యూటీ అంతా గేటు దగ్గర డబ్బాలో ఉంటుంది, ఆమె కౌంటర్లో కూర్చుంటే ఫోను ముట్టుకోకూడదు. బయటికొచ్చి తెరిస్తే అందులో బంగారురాజు తల్లి భద్రమ్మ పంపిన గుడ్ మార్నింగ్ దేవుళ్ళు పాతికమంది ఉంటారు. వాళ్ళని దాటుకుని భార్య దగ్గరికి చేరడం ఎవరివల్లా కాదు.

ఆ పుస్తకంలో తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇద్దరూ హిందీ మీడియంలో చదివినవాళ్ళు. తెలుగు నోటికే గాని చేతికి రాలేదు.

ఇప్పుడు తప్పు దగ్గరికొద్దాం.

బంగారురాజు కంపెనీలో లాగ్‌బుక్కు చదివి సంతకం పెట్టేవాడు ఒక్కడూ లేడు. షిఫ్టు మారే టైముకి గేటు దగ్గర బస్సు హారన్ మోగుతుంటుంది. దిగేవాడు నోటితోనే "సబ్ ఠీక్ హై" అంటాడు. ఎక్కేవాడు పేజీ పైనుంచి కిందికి గొలుసులాగా సంతకాలు లాగేస్తాడు. ఆరేళ్ళుగా అతని చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఇంటి పుస్తకం మీదా అదే చెయ్యి అదే పని చేసింది. గ్యాస్ అయిపోతే పొయ్యి చెబుతుంది, పాలు లేకపోతే ఫ్రిజ్ చెబుతుంది, చదవడం దేనికని అతని లెక్క. అతను మాత్రం రాసేవాడు, బాగా రాసేవాడు. రికార్డులు బాగా రాసినందుకు కంపెనీ అతనికి రెండో బహుమతి కింద స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చింది. మూత మీద ఆ సంగతి చెక్కించింది కూడా.

యోగిత పెరిగిన ఇల్లు వేరు. వాళ్ళ నాన్న తవిటయ్య ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేశాడు, బండి ఏ పట్టా మీదికి వెళ్ళాలో ఆ పట్టాకి తిప్పే పని. ఆయన పెన్ను పట్టుకుంటే పక్కనున్నవాళ్ళు మాట్లాడకూడదు. మూడుసార్లు చదివి, కళ్ళజోడు తుడిచి, నాలుగోసారి చదివి సంతకం పెట్టేవాడు. చదవకుండా సంతకం పెట్టే మనిషి భూమ్మీద ఉంటాడని ఆ ఇంటి పిల్లకి ఊహకి కూడా అందదు.

కిందటి నెల ఇరవై ఒకటో తారీఖున యోగిత ఇలా రాసింది: "నాకు ప్రమోషన్ వచ్చింది. సూపర్‌వైజర్ పోస్టు. రూర్కేలా వెళ్ళాలి. వద్దంటే మళ్ళీ ఏడాది దాకా ఇవ్వరు. ఒప్పుకుంటున్నానో లేదో డిసెంబర్ పదిహేను సోమవారంలోగా కాగితం ఇవ్వాలి. వెళ్ళమంటారా, వద్దంటారా?"

మర్నాడు చూసుకుంది. కింద జవాబు లేదు. పక్కన సంతకం ఉంది, దాని పక్కన టైము కూడా వేసి ఉంది. పది నలభై అయిదు.

పో, అన్నట్టు అనిపించింది ఆమెకి. పో అని కూడా అనలేదు, అదింకా బాధ. మళ్ళీ అడగడానికి మనసొప్పలేదు. చదివి సంతకం పెట్టిన మనిషిని మళ్ళీ అడగడమేమిటి? అప్పట్నుంచి ఆమె గ్యాసు, పాలు, కరెంటు బిల్లు తప్ప వేరే ఏమీ రాయలేదు. ఆ తేడా బంగారురాజు గమనించలేదు. గమనించాలంటే చదవాలి కదా.

ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికేలా ఈ ప్రయాణం కుదిర్చింది మాత్రం బంగారురాజే. అతని పక్క షిఫ్టు ఇన్‌చార్జి మనోజ్ సలహా అది. హనీమూన్‌కి అందరూ కొండలకి పోతారు, నువ్వు ఎడారికి తీసుకుపో, అక్కడ మాట్లాడుకోవడం తప్ప ఇంకో పని ఉండదు అన్నాడు మనోజ్. బంగారురాజుకి కావలసింది కూడా అదే. పెళ్ళాంతో ఒక మాట చెప్పాలని అతను నాలుగు నెలలుగా దాచుకుని తిరుగుతున్నాడు. చిక్కేమిటంటే ఆ మాట అతనికి హిందీలో తేలిగ్గా వస్తుంది, తెలుగులో రాదు. తెలుగులో ఆ మాట తన ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనగా అతను వినలేదు. ఆమెతో తెలుగులోనే చెప్పాలని పట్టు.

మనోజ్ చెప్పిన క్యాంపులో మాట్లాడుకోవడం తప్ప ఇంకో పని ఉండదన్నది శుద్ధ అబద్ధమని దిగాకే తెలిసింది. అక్కడ అన్ని పనులూ ఉన్నాయి, చేసేవాళ్ళే లేరు. గుడారం వాళ్ళది, పని మనది. నీళ్ళు మనమే మోసుకోవాలి, రొట్టెలు మనమే కాల్చుకోవాలి, గిన్నెలు మనమే తోముకోవాలి. పట్నంవాళ్ళు దీనికోసం ఎగబడి వస్తారని క్యాంపు చూసుకునే ముసలాయన, అందరూ కాకా అనేవారు, గర్వంగా చెప్పాడు. జీవితమంతా ఇవే పనులు చేసిన ఆయనకి దీనికి ఎందుకు ఎగబడాలో ఇప్పటికీ అర్థం కాలేదట.

యోగిత నడుమ్మీద చేతులేసుకుని గుడారాన్నీ, నీళ్ళ కుండనీ, మొగుణ్నీ వరసగా చూసింది.

"ఇంటికాడ చేసే పనే ఇక్కడ చెయ్యడానికి రెండు రోజులు రైల్లో వచ్చీసేమా?"

"ఇక్కడైతే ఇద్దరం కలిసి చేత్తాం కదేటి," అన్నాడు బంగారురాజు.

అది మంచి మాటే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సంచిలోంచి లాగ్‌బుక్కు తీసి ఆ రోజుకి డ్యూటీ చార్టు రాయడం మొదలుపెట్టాడు. పొద్దున్న హైకింగు. మధ్యాహ్నం నీళ్ళు, పిండి, గిన్నెలు. సాయంత్రం పొయ్యి, వంట. రాసి ఆమె ముందు పెట్టి సంతకం పెట్టమన్నాడు.

ఆ పుస్తకాన్ని అతను ఎడారిదాకా మోసుకొచ్చాడని యోగితకి అప్పుడే తెలిసింది. ఇరవై ఒకటో తారీఖు పేజీ అందులోనే ఉంది. ఇవాళ శుక్రవారం, పన్నెండు. ఇతను ఇప్పుడైనా ఆ ఊసెత్తుతాడేమో. సోమవారానికి ఇంకా టైముంది. ఒక్కసారి, నోటితో, ఏదో ఒకటి అంటే చాలు. చార్టు మొత్తం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

హైకింగు అంటే అయిదు కిలోమీటర్ల దూరంలో పాడుబడ్డ రాతి ఇళ్ళ ఊరు ఒకటుంది, అక్కడిదాకా నడిచి రావడం. డిసెంబరు చలి. ఇసుక ఇంకా చల్లగానే ఉంది. బిష్టుపూర్‌లో కొన్న కొత్త బూట్లు బంగారురాజుని అర కిలోమీటరుకే కరవడం మొదలుపెట్టాయి. యోగిత చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని హాయిగా నడుస్తోంది. వీపు మీద బ్యాగులో నీళ్ళసీసాలు, ఆ బహుమతి టిఫిన్ బాక్సులో ఆలూ పరాటాలు.

అతను ఆ దాచుకున్న మాట అనడానికి నోరు తెరిచాడు. తెరిచి, ఈ ఇసుక ఇనుము పోత పోసే అచ్చులకి పనికొస్తుందా అని ఆలోచిస్తున్నానన్నాడు. పనికిరాదట, మరీ సన్నమట. అది పూర్తయ్యేసరికి ఒక దిబ్బ ఎక్కి దిగారు.

రెండో దిబ్బ మీద యోగిత ఆగింది. చున్నీ గాలికి అతని మొహం మీద పడుతోంది. అతను తియ్యలేదు.

"రూర్కేలా ఎలాగుంటాది?" అని అడిగింది, దూరంగా చూస్తూ.

బంగారురాజు రెండేళ్ళ కిందట మూడు రోజుల ట్రైనింగుకి రూర్కేలా వెళ్ళాడు. తనకి తెలిసిన విషయం అడిగినందుకు సంతోషపడ్డాడు. "బాగుంటాది. మనూరు లాగే. ప్లాంటు, క్వార్టర్లు, పెద్ద పెద్ద రోడ్లు."

"ఆడమనిషి ఒక్కర్తీ ఉండగలదా?"

"ఏల ఉండనేదు? హాస్టళ్ళున్నాయి, అన్నీ ఉన్నాయి. ఒక్కలైతే ఇంకా హాయి. ఫస్ట్‌క్లాస్‌గా ఉండొచ్చు."

యోగిత అతని మొహం మీంచి చున్నీ లాగేసుకుని దిబ్బ దిగిపోయింది. చాలా వేగంగా దిగింది. చూశావా, ఎడారి గాలి తగలగానే ఎంత హుషారొచ్చిందో అనుకుని బంగారురాజు కుంటుకుంటూ వెనక పరిగెత్తాడు.

రాతి ఊళ్ళో గోడలున్నాయి, కప్పుల్లేవు. ఒక ఇంట్లో పొయ్యి గుంట ఇంకా నల్లగా ఉంది. గడప మీద కూర్చుని పరాటాలు తిన్నారు. ఇక్కడ ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో అంది యోగిత. నీళ్ళు లేక అయ్యుంటుందన్నాడు అతను. వెళ్ళొద్దని ఎవరూ అనలేదేమో అంది ఆమె. బంగారురాజు దీని గురించి నిజంగానే ఆలోచించి, మొత్తం ఊరే వెళ్ళిపోతుంటే వద్దనడానికి మనిషెక్కడ మిగుల్తాడని అడిగాడు. తర్కం ప్రకారం అది సరైన ప్రశ్నే. యోగిత మిగిలిన పరాటా తినకుండా మూత పెట్టేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె చెప్పులు తొడుక్కుని ముందు నడిచింది. అతను రెండుసార్లు ఏమైందన్నాడు, ఏటీ నేదంది. ఆడవాళ్ళు ఏమీ లేదన్నారంటే ఏదో ఉన్నట్టేనని మనోజ్ చెప్పిన జ్ఞాపకం. ఆ ఏదో ఏమిటో ఎలా తెలుసుకోవాలో మాత్రం మనోజ్ చెప్పలేదు. పాపం అతనికీ తెలియదు.

మధ్యాహ్నం డ్యూటీలో కలిసి పని చేశారు. ట్యాంకు నుంచి గుడారం దాకా రెండు బిందెలు. అతను రెండూ మోస్తానన్నాడు, ఆమె అక్కర్లేదంది. పిండి ఆమె కలిపింది, నీళ్ళు అతను పోశాడు, ఎక్కువ పోశాడు. గిన్నెలకి నీళ్ళు వాడకూడదు, ఇసుకతో తోమి గుడ్డతో తుడవాలని కాకా చెబితే బంగారురాజు తెల్లబోయాడు. యోగితకి కొత్త కాదు. వాళ్ళ నాయనమ్మ చిన్నమ్మి టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో బొగ్గు బూడిదతో ఇలాగే తోమేది. ఆమె గుప్పెడు ఇసుక వేసి గుండ్రంగా తిప్పుతుంటే అడుగంటిన మాడు కూడా వదిలిపోయింది. టిఫిన్ బాక్సు మూత ఎంత గట్టిగా తోమిందంటే దాని మీద చెక్కిన అక్షరాలు సగం పోయాయి.

"మెల్లిగా," అన్నాడు బంగారురాజు. "అది ప్రైజు."

"తెలుసు," అంది యోగిత, ఇంకో గుప్పెడు ఇసుక వేస్తూ.

ఎండ వాలింది. వంట డ్యూటీ మొదలైంది. ఖేజ్రీ, అంటే మన జమ్మి చెట్టు పుల్లలు, నాలుగు పిడకలు ఇచ్చి కాకా మేకల్ని తోలుకొచ్చుకోవడానికి వెళ్ళాడు. ఇనుముని ఎర్రగా కాల్చే కంపెనీలో ఆరేళ్ళుగా పని చేస్తున్న మనిషికి నాలుగు పిడకలు అంటుకోలేదు. పొగ వచ్చింది, దగ్గు వచ్చింది, మంట రాలేదు. కాగితం కావాలన్నాడు.

యోగిత లాగ్‌బుక్కు తెచ్చి అతని పక్కన పడేసింది.

"ఇదిగో కాగితం. పాత పేజీలు తగలెట్టీ. ఎలాగూ అన్నిటికీ సంతకాలైపోనాయి."

ఆమె గొంతులో ఏదో తేడా. అతను తలెత్తి చూసేలోపు గుడారం వెనక్కి వెళ్ళిపోయింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. బంగారురాజు కంపెనీలో లాగ్‌బుక్కు చదవకుండా సంతకం పెట్టొచ్చు, ఎవరూ అడగరు. కాని పాత రికార్డు నాశనం చెయ్యాలంటే మాత్రం కఠినమైన పద్ధతుంది. పేజీ పేజీ చూసి, అవసరమైనదేదీ లేదని రూఢి చేసుకున్నాకే తగలబెట్టాలి. ఈ విషయంలో అతను ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. ఆ టిఫిన్ బాక్సులో దీనికీ వాటా ఉంది. అంటే మన బంగారురాజు సంతకం పెట్టడానికి చదవని మనిషి, కాల్చడానికి మాత్రం చదివే మనిషి.

మొదటి పేజీ తీశాడు. గ్యాస్. పాలు. చాకలి. చింపాడు. రెండో పేజీ. మోటారు. "పక్కింటి సూరమ్మగారు కరివేపాకు ఇచ్చారు." చింపాడు. మూడో పేజీ చింపబోయి ఆగాడు.

"నూటొకటి జ్వరం. సెలవు పెట్టి పడుకున్నాను. లేపకపోతే పర్వాలేదు. లేపినా పర్వాలేదు."

పక్కన అతని సంతకం. ఆ రోజు అతనికి గుర్తుంది. ఆమె పడుకుందని చప్పుడు చెయ్యకుండా మజ్జిగన్నం తిని ముందు గదిలో నిద్రపోయాడు. తనకి తాను ఎంతో మంచివాడిలా అనిపించాడు కూడా.

"ఇవాళ నా పుట్టినరోజు. ఫ్రిజ్‌లో కేకుంది. మీ వాటా పెద్దది."

సంతకం. ఆ కేకు తిన్నాడు. ఎవరో రిటైరైనందుకు స్టేషన్లో పంచి ఉంటారనుకున్నాడు.

"మీ యూనిఫాం మడత పెడుతుంటే నూనె, ఇనుము కలిసిన వాసన వచ్చింది. రెండుసార్లు మడత పెట్టాను. ఎందుకో మీకు తెలుసా?"

సంతకం. టైముతో సహా.

బంగారురాజు చింపిన రెండు పేజీలూ ఏరి మళ్ళీ పుస్తకంలో పెట్టాడు. పుస్తకం పుచ్చుకుని ఇసుకలో కూలబడ్డాడు. ఇరవై ఒకటో తారీఖు పేజీ వచ్చింది. నాలుగుసార్లు చదివాడు. మామగారు తవిటయ్య చదివినట్టు, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. రూర్కేలా. ఆడమనిషి ఒక్కర్తీ ఉండగలదా. ఒక్కలైతే ఇంకా హాయి. పొద్దున్న దిబ్బ మీద తను అన్న మాట ఇప్పుడు చెవిలో మోగింది. ఫస్ట్‌క్లాస్‌గా ఉండొచ్చు.

యోగిత గుడారం వెనక ఖాళీ బిందె బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. అతను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్లేమో అనుకుంది.

"యోగీ, నేను చదవనేదు," అన్నాడు.

"ఏటి?"

"ఏటీ చదవనేదు. ఏడు నెలల్నుంచి ఒక్క లైనూ చదవనేదు. సంతకం ఒక్కటే పెట్టేసేవాణ్ని. కంపెనీలో అందరం అలాగే పెడతాం. చెయ్యి అలవాటయిపోనాది."

యోగితకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. మొగుడికి తనంటే లెక్కలేదని మూడు వారాలు ఏడ్చింది. తీరా చూస్తే అతను లెక్కలేక కాదు, అసలు చూడనే లేదు. ఈ రెంటిలో ఏది ఎక్కువ అవమానమో తేల్చుకోలేక ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

"జ్వరం?"

"చదవనేదు."

"కేకు?"

"తిన్నాను. చదవనేదు."

"ఇనుం వాసన?"

అతను తల దించుకున్నాడు. "ఇప్పుడే చదివేను. మూడుసార్లు."

"రైల్వేలో ఇలాగ సంతకం పెడితే రెండు బళ్ళు గుద్దుకుంటాయి, తెలుసా?"

"గుద్దుకున్నాయి కదేటి," అన్నాడు బంగారురాజు దిగులుగా.

యోగిత నవ్వకూడదనుకుంది. కోపం ఇంకా చాలా మిగిలి ఉంది, అది వృథా కావడం ఇష్టం లేదు. "నువ్వు రాసిన ప్రతి లైనూ నేను రెండేసిసార్లు చదివేను," అంది. పుస్తకంలో మీరు అనేది, కోపంలో నువ్వు అయిపోయాడు. "ఆగస్టులో నువ్వేటి రాసేవో నీకు గుర్తున్నాదా? వర్షం వచ్చింది, బట్టలు తీసేశాను. నీ నీలం చున్నీ ఆరలేదు, ఫ్యాను కింద వేశాను. రెండో వైపు తిప్పాను, అని. అది చదివి నేను అరగంట ఆ చున్నీ పట్టుకుని కూర్చున్నాను. అంత చూసుకునే మనిషి, ఎల్లిపోతానంటే ఒక్క మాటైనా అనడేటని..."

మొహం పక్కకి తిప్పేసుకుంది.

నాలుగు నెలలుగా బంగారురాజు నోట్లో తిరుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. అతను అనుకున్నట్టు దిబ్బ మీద సూర్యాస్తమయం చూస్తూ కాదు. చేతినిండా పిడకల మసి, ముక్కులో పొగ.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం యోగీ. ఆ వర్షం రోజే తెలిసింది. చెప్దామంటే ఎదురుగా నువ్వుండవు. రాద్దామంటే సిగ్గేసింది. అందుకని చున్నీ రెండో వైపు తిప్పేనని రాసేను."

మేకలు వచ్చేస్తున్న చప్పుడు వినబడుతోంది. యోగిత చున్నీ అంచుతో మొహం తుడుచుకుని, లేచి నిలబడింది.

"సోమవారం కాగితం ఇవ్వాలి. ఏటి రాయమంటావు?"

అతను ఆలోచించాడు. ఈసారి నిజంగా ఆలోచించాడు. "పెద్ద పోస్టు. నువ్వు వదులుకోకూడదు. వదిలించేనని తెలిస్తే మీ నాన్న పాయింటు మార్చి నన్ను గూడ్సు షెడ్డుకి తోలీసేత్తారు."

"అది తర్వాత. ముందు వద్దను."

"ఏటి?"

"ఎళ్ళొద్దని ఒక్కసారి అను. నోటితో."

"ఎళ్ళొద్దు," అన్నాడు బంగారురాజు.

"మళ్ళీ."

"ఎళ్ళొద్దు యోగీ. నువ్వు నేకపోతే ఆ ఇంట్లో నేను ఉండలేను. నిజంగా ఉండలేను."

యోగిత అతని మసి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఇప్పుడు ఎల్తాను," అంది.

కాకా మేకల్ని కట్టి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. ఆలుమగలిద్దరూ ఒక పుస్తకం మీద తలలు ఆనించి, వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతున్నారు, మధ్యలో నవ్వుకుంటున్నారు, ఒకసారి కొట్టుకున్నారు కూడా. పట్నం చదువులు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని ఆయనే గుప్పెడు ఎండుగడ్డి వేసి పొయ్యి ముట్టించి, రొట్టెలు కూడా కాల్చి పెట్టాడు. చార్టు ప్రకారం అది వాళ్ళ డ్యూటీయేనని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

సోమవారం పొద్దున్న టాటానగర్‌లో దిగీ దిగగానే, ప్లాట్‌ఫాం మీదే సామాను బంగారురాజుకి అప్పజెప్పి యోగిత ఆఫీసుకి వెళ్ళి కాగితం ఇచ్చింది. ఒప్పుకున్నానని రాసింది. రాసినదాన్ని అక్కడి పెద్దగుమాస్తా ఒక్క చూపు చూసి సంతకం పెట్టబోతే, దయచేసి పూర్తిగా చదవండి సార్ అందట. ఆయన నొచ్చుకున్నాడట.

సంగతి విని భద్రమ్మ ఆదిత్యపూర్‌లో పెద్దకొడుకు ఇంటి నుంచి ఆటో కట్టించుకుని వచ్చి మరీ బాధపడింది. పెళ్ళయి ఏడాదైనా తిరగకుండా మొగుడొక ఊళ్ళో పెళ్ళామొక ఊళ్ళో ఉంటే కాపురమంటారా, నలుగురూ ఏమనుకుంటారు అంది. ఇన్నాళ్ళూ ఒక్క ఊళ్ళో ఉండి ఏం చేశారో ఆవిడకి చెప్పలేక ఇద్దరూ తలలు వంచుకున్నారు. పెద్దలంటే భయభక్తులున్న పిల్లలని ఆవిడ సంతృప్తిపడి, రూర్కేలాకి పట్టుకెళ్ళమని ఆవకాయ జాడీ ఇచ్చి వెళ్ళింది. అదే ఆశీర్వాదం అనుకున్నారు.

సూపర్‌వైజర్ పోస్టుకి మూడు షిఫ్టులుండవు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం రావడమే, ఆదివారం సెలవు. మనోజ్ కాళ్ళావేళ్ళా పడి బంగారురాజు తన సెలవు మంగళవారం నుంచి ఆదివారానికి మార్చుకున్నాడు. శనివారాలు పొద్దుటి డ్యూటీయే వేయించుకుని, మధ్యాహ్నం దిగి, ఖర్కాయి నది వంతెన దాటి స్టేషన్‌కొచ్చి రైలెక్కితే చీకటిపడే వేళకి రూర్కేలా. మళ్ళీ సోమవారం డ్యూటీకి అందుకోవాలి. గోల్‌మురిలో ఒకే కప్పు కింద ఉన్న ఏడు నెలల్లో ఇద్దరూ మెలకువగా కలిసి గడిపిన గంటలకంటే, రెండు ఊళ్ళలో కాపురం పెట్టిన మొదటి నెలలో గడిపినవే ఎక్కువ. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు కాబట్టి వాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

లాగ్‌బుక్కు ఇప్పుడు రూర్కేలా క్వార్టర్లో ఫ్రిజ్ మీద ఉంది. వారం పొడుగునా యోగిత అందులో రాస్తుంది. ఆదివారం పొద్దున్న బంగారురాజు టీ తాగుతూ చదివి సంతకాలు పెట్టాలి. పైకి చదవాలని షరతు.

నాలుగో ఆదివారం ఆమె వంటింట్లో ఉండగా అతను పేజీ తెరిచాడు.

"ఒకటి. కుళాయి కారుతోంది," అని చదివి సంతకం పెట్టాడు. రెండు, ఆవకాయ సగమైంది. సంతకం. మూడు, పక్కింటి కాంతంగారికి నిచ్చెన తిరిగివ్వాలి. సంతకం. నాలుగు, బల్బు. అయిదు, నాన్న ఫోన్ చేశారు, మిమ్మల్ని అడిగారు. సంతకం, సంతకం. చెయ్యి పాత జోరందుకుంటోంది. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

ఆరో లైను దగ్గర బంగారురాజు గొంతు కూడా ఆగింది. అది పైకి చదవలేదు.

"ఇది చదివితే సంతకం పెట్టకు. ఇలా రా."

పెన్ను దారానికి వేలాడుతూ ఉండిపోయింది. ఆ పేజీలో ఆరో లైను పక్కన ఇప్పటికీ సంతకం లేదు.